అను ఫాంట్ల పాత ఫైళ్లు: యూనికోడ్‌లోకి మార్చి, సరిచూసి, వెతుక్కోడానికి ఏ టూల్స్ వాడుతున్నారు?

పాతసంచికలు:
అందరికీ నమస్కారం. మా ఊళ్లో ఒకప్పుడు నడిచిన చిన్న సాహిత్య పత్రిక సీడీలు దొరికాయి. 1999 నుంచి 2011 దాకా సంచికలు, అన్నీ పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) ఫైళ్లే, అంతా అను (డీటీపీలో వాడే పాత తెలుగు) ఫాంట్లే. వీటిని యూనికోడ్‌లోకి (ఎక్కడైనా చదవగలిగే అక్షరాల కోడ్‌లోకి) తెచ్చి, తప్పులు ఏరి, రచయిత పేరుతోనో మాటతోనో వెతుక్కునేలా చేయాలని మా ముగ్గురి ప్రయత్నం. డబ్బులు తీసుకునే పని కాదు.

ఒక కథ కాపీ చేసి ఆన్‌లైన్ కన్వర్టర్లలో వేసి చూశాను. చాలావరకు బాగానే వచ్చింది కానీ రెండు తలనొప్పులు. మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలన్నీ అర్థంపర్థం లేని తెలుగు అక్షరాలైపోయాయి. ఇంకోటి, ఒక కన్వర్టర్‌లో "క్రింద" అని ఉండాల్సిన చోట "కి్రంద" వస్తోంది. ఫైండ్ అండ్ రీప్లేస్ కొడుతుంటే ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతోంది. నాకు పైథాన్ కొద్దిగా వచ్చు. విండోస్ ల్యాప్‌టాప్. దేనితో మొదలుపెట్టమంటారు?

డీటీపీ_అన్న:
మేడం, ముందు ఫైల్లో ఏ ఫాంట్లు వాడారో పేర్లు రాసుకోండి. ప్రియాంక, అనుపమ లాంటి పేర్లు కనిపిస్తాయి. అను ఏ వెర్షనో కూడా కనుక్కోండి. వెర్షన్ తేడా ఉంటే కన్వర్టర్ టేబుల్ సరిపోదు. సగం మంది ఇక్కడే ఆగిపోతారు.

కమాండ్‌లైన్:
మీరు చెప్పిన రెండు తలనొప్పులకీ మూలం ఒకటే. ఫైల్లో ఏం ఉందో గుర్తించకుండానే మార్చడం మొదలుపెట్టారు. ఏ టూల్ తీసుకున్నా ముందు పార్సింగ్ (ఫైల్లో ఏ ముక్క ఏమిటో విడదీసి చదవడం), తర్వాతే ఎడిటింగ్. తిరగేసి చేస్తే ఇలాగే ఉంటుంది.

ఇంగ్లీషు సంగతి ముందు. అను లాంటి ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత కోడ్ ఏమీ లేదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడ్‌లకే తెలుగు బొమ్మలు తొడిగారు. అంటే ఫైల్లో ఉన్న ఒక బైటు తెలుగు బొమ్మా, ఇంగ్లీషు అక్షరమా అన్నది చెప్పేది ఆ ముక్కకి పెట్టిన ఫాంట్ పేరు ఒక్కటే. మీరు కాపీ చేసి కన్వర్టర్ పెట్టెలో పేస్ట్ చేయగానే ఆ ఫాంట్ సమాచారం పోతుంది. ఇక పాపం కన్వర్టర్‌కి "టైమ్స్"లో ఉన్న మాటేదో, "ప్రియాంక"లో ఉన్న మాటేదో ఎలా తెలుస్తుంది? అందుకని ప్లెయిన్ టెక్స్ట్‌గా ఎప్పుడూ బయటికి తీయొద్దు. ఫాంట్ పేర్లు నిలిచే ఫార్మాట్‌లో, అంటే ఆర్‌టీఎఫ్‌లోకో ఓడీటీలోకో తీయండి.

నాకు నచ్చిన దారి ఇది. లిబ్రెఆఫీస్‌లో ఆ ఫైలు తెరిచి "ఫ్లాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఓడీటీ"గా సేవ్ చేయండి. మామూలు ఓడీటీ జిప్ మూట. ఇది ఒకే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటుంది. దాన్ని పైథాన్‌లో ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ లైబ్రరీతో చదివి, ప్రతి స్పాన్‌కీ (ఒకే స్టైల్ ఉన్న టెక్స్ట్ ముక్కకి) ఏ స్టైల్ ఉందో, ఆ స్టైల్‌కి ఏ ఫాంట్ ఉందో చూసి, అను ఫాంట్ అయితేనే మార్చండి. ఒక మెలిక ఉంది. స్పాన్‌లో నేరుగా ఫాంట్ పేరు ఉండదు. స్టైల్ పేరు ఉంటుంది, ఆ స్టైల్‌లో కూడా లేకపోతే దాని పేరెంట్ స్టైల్‌కి, ఆపైన పేరాగ్రాఫ్ స్టైల్‌కి వెళ్లి వెతకాలి. ఆ చిన్న ఫంక్షన్ ఒక్కటి జాగ్రత్తగా రాస్తే ఇంగ్లీషు బాధ తీరినట్టే.

ఇక "కి్రంద". ఇది సరదా సమస్య. అను లాంటి గ్లిఫ్ (అక్షరపు బొమ్మల) ఫాంట్లో "కి" ఒక బొమ్మ, ర వత్తు ఇంకో బొమ్మ. టైప్ చేసేవాళ్లు కంటికి కనిపించే వరసలో కొడతారు: ముందు కి, తర్వాత ర వత్తు. యూనికోడ్‌లో వరస వేరు: క, పొల్లు, ర, ఆ తర్వాతే గుడి. అందువల్ల బొమ్మకి బొమ్మ మార్చుకుంటూ పోయే టేబుల్ చాలదు. అచ్చు గుర్తుని చేతిలో పట్టుకుని, వత్తులన్నీ అయ్యాక దింపాలి. మీరు వాడిన కన్వర్టర్ ఆ పని చేయలేదు.

వచ్చిన అవుట్‌పుట్‌ని సరిచేయడానికి ఒక్క రెగెక్స్ (వెతికే నమూనా) చాలు. తెలుగులో గుణింతపు గుర్తు తర్వాత వెంటనే పొల్లు ఎక్కడా రాదు కాబట్టి ఇది దొరికిన ప్రతిచోటా తప్పే:

వెతకాల్సింది: ([ా-ౌ])((్[క-హ])+)
పెట్టాల్సింది: \2\1

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఇలాగే పనిచేస్తుంది. వీఎస్ కోడ్‌లో అయితే $2$1 అని పెట్టాలి. గుణింతపు గుర్తు బ్రాకెట్‌కి అతుక్కుపోయి స్క్రీన్ మీద వికారంగా కనిపిస్తుంది, కంగారు పడకండి.

పాతసంచికలు:
చాలా థాంక్సండీ. రెగెక్స్ నిజంగానే పనిచేసింది, "కి్రంద"లు అన్నీ పోయాయి. కానీ మా దగ్గర పేజ్‌మేకర్ ఉన్న కంప్యూటర్ లేదు. లిబ్రెఆఫీస్ నేరుగా తెరుస్తుందా?

కమాండ్‌లైన్:
తెరుస్తుంది. 2015లో వచ్చిన 4.4 నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచే సౌకర్యం ఉంది. అయితే రైటర్‌లో కాదు, డ్రాలో తెరుచుకుంటుంది. అప్పుడు ఫ్లాట్ ఓడీజీగా సేవ్ చేయండి. లోపల ఎక్స్‌ఎమ్‌ఎల్ దాదాపు అదే తీరు. కాకపోతే లేఅవుట్ అటూ ఇటూ అవుతుంది.

ప్రెస్_బాబాయ్:
అమ్మా, వీలైతే పేజ్‌మేకర్ ఉన్న పాత మెషీన్ ఒకటి పట్టుకో. మీ దగ్గర్లో పెళ్లిపత్రికలు వేసే ప్రెస్సులో కచ్చితంగా ఉంటుంది, ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాయి. అందులో కథ మీద క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ కొడితే, లింకు చేసిన టెక్స్ట్ బ్లాకులన్నీ కలిసి ఒకే కథగా ఆర్‌టీఎఫ్‌లోకి వస్తాయి. డ్రాలో తెరిస్తే ఏ పెట్టె ముందో ఏ పెట్టె వెనకో మీరే పేర్చుకోవాలి.

ఇంకో మాట. "మిగతా 34వ పేజీలో" అని ఉన్న చోట ఆపరేటర్ లింకు చేశాడా, లేక కట్ చేసి అక్కడ పేస్ట్ చేశాడా అన్నది చూసుకోండి. నెలాఖరు హడావుడిలో చాలామంది కట్ చేసే పడేసేవాళ్లం. అలాంటి కథ రెండు ముక్కలుగా వస్తుంది. ఏ సాఫ్ట్‌వేరూ అతికించదు.

అలాగే లైను చివర మాట విరిగితే హైఫన్ పెట్టి ఎంటర్ కొట్టేవాళ్లం. యూనికోడ్‌లోకి వచ్చాక అది మాట మధ్యలో హైఫనై కూర్చుంటుంది. పేరా చివర్లో ఎంటర్ ఏదో, లైను చివర ఎంటర్ ఏదో తెలుసుకోవడానికి నేనైతే లైను పొడవు చూస్తాను. లైను నిండా ఉంటే విరిచినది, సగంలో ఆగితే పేరా. కవితలకి ఈ లెక్క పనికిరాదు. వాటిని వేరే ఫోల్డర్‌లో పెట్టి చేత్తో చూడండి.

సున్నాసున్న:
బాబాయ్ గారి పోస్టు పిన్ చేయాలి.

నవయువ:
ఇంత కష్టం ఎందుకండీ, పేజీలు ఇమేజ్‌గా తీసి ఏఐకి ఇస్తే టైప్ చేసి ఇచ్చేస్తుంది కదా. ఇప్పుడంతా అదే చేస్తున్నారు.

కమాండ్‌లైన్:
స్క్రిప్ట్ రాయడానికి ఏఐ వాడండి, నేనూ వాడతాను. టెక్స్ట్ మాత్రం దాని చేతికి ఇవ్వను. కారణం: కన్వర్టర్ తప్పు చేస్తే ప్రతిచోటా ఒకే తప్పు చేస్తుంది, కంటికి కనిపిస్తుంది, ఒక రూల్‌తో పోతుంది. భాషా మోడల్ చేసే తప్పు నున్నగా ఉంటుంది. పాత్ర "ఏంది రా, గిట్లంటవ్" అంటే అది "ఏమిటిరా, ఇలా అంటావు" అని దిద్దిపెట్టొచ్చు. చదివేవాడికి తప్పు జరిగిందనే తెలియదు. పైగా మీ దగ్గర ఉన్నది అచ్చు పుస్తకం కాదు, అక్షరాలు ఉన్న ఫైలు. ఉన్న అక్షరాలని పారేసి మళ్లీ బొమ్మ చూసి ఊహించడం ఎందుకు?

సీడీ పాడైన సంచికలకి, అచ్చు ప్రతి మాత్రమే మిగిలినవాటికి ఓసీఆర్ (బొమ్మ చూసి అక్షరాలు గుర్తించడం) తప్పదు. టెసెరాక్ట్ అనే ఓసీఆర్ టూల్‌కి తెలుగు డేటా ఉంది, ఉచితం.

ఎడిసన్_తెలుగు:
న్యూజెర్సీ నుంచి. మా సంస్థ పాత సావనీర్ల కోసం ఇదే పని చేశాం. ఈమాట పత్రిక సైటులో కూడా ఫాంట్ నుంచి యూనికోడ్‌కి మార్చే పేజీ ఉంది, ముందు ఒక పేజీ దాంట్లో వేసి మీ టేబుల్‌తో పోల్చి చూడండి. రెండింటికీ తేడా వచ్చిన మాటలే మీరు కంటితో చూడాల్సినవి.

పైథాన్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. మాటలు విడగొట్టడానికి అందరూ బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (మాటలో ఉండే అక్షరానికి రెగెక్స్ గుర్తు) వాడతారు కదా, పైథాన్‌తో వచ్చే మామూలు "రీ" మాడ్యూల్ గుణింతపు గుర్తుల్ని అక్షరాలుగా లెక్కపెట్టదు. "తెలుగు" అన్న మాట ఇస్తే "త", "ల", "గ" అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. పిప్‌తో "రెగెక్స్" అనే విడి మాడ్యూల్ వేసుకోండి, వాడే తీరు అదే, మాట మొత్తం ఒకటిగా వస్తుంది. ఫైళ్ల గుట్టలో వెతకడానికి రిప్‌గ్రెప్ వాడండి. దానికి ఈ జబ్బు లేదు, వేగం కూడా చాలా ఎక్కువ. జావాస్క్రిప్ట్‌లో అయితే ఆ డబ్ల్యూ ఇంగ్లీషు అక్షరాలకే పరిమితం, అసలు ఆశ పెట్టుకోకండి.

అక్షరాలు లెక్కపెట్టడంలో కూడా ఇంతే. "స్త్రీ" మనకి ఒక అక్షరం. యూనికోడ్‌లో ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. యూటీఎఫ్-8లో 18 బైట్లు. మనిషి ఒకటిగా చూసేదాన్ని ఒకటిగా విడగొట్టే నియమంలో 2023 దాకా పొల్లు దగ్గర కోత పడేది, కాబట్టి స్త్రీ మూడు ముక్కలయ్యేది. యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకి ఆ కోత తీసేశారు. మీ లైబ్రరీ పాతదైతే మూడు, కొత్తదైతే ఒకటి వస్తుంది. పద్యాలకి గణాలు లెక్కపెట్టే ప్రోగ్రాం ఎవరైనా రాస్తుంటే లైబ్రరీ వెర్షన్ చూసుకోండి.

బిల్లింగ్_బాధితుడు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాది కూడా అను సమస్యే, కానీ కోడ్‌లో. మా క్లయింట్‌కి ఒక పాత జావా ప్రోగ్రాం ఉంది. ఎవరో రాసి వెళ్లిపోయారు. బిల్లుల మీద తెలుగు రావడానికి స్ట్రింగ్‌లలో నేరుగా అను అక్షరాలు పెట్టేశారు. డబుల్ కోట్స్ మధ్య ఉన్నది మాత్రమే మార్చాలి, అది కూడా అన్నీ కాదు, ఎస్‌క్యూఎల్ క్వెరీలు, ఫైల్ పేర్లు ముట్టుకోకూడదు. రెగెక్స్‌తో మొదలుపెడితే కామెంట్లలోని కోట్స్ దగ్గర మొత్తం తారుమారైంది. ఏం చేయమంటారు? నిజంగా టెన్షన్‌గా ఉంది.

కమాండ్‌లైన్:
ట్రీ-సిట్టర్ అనే కోడ్ పార్సర్ వాడండి. గిట్‌హబ్ వాళ్ల ఆటమ్ ఎడిటర్ కోసం పుట్టింది, ఆటమ్ పోయినా ఇది నిలిచింది. నియోవిమ్, హెలిక్స్, జెడ్ ఎడిటర్లు రంగులు వేయడానికి దీన్నే వాడతాయి. జావా గ్రామర్ సిద్ధంగా ఉంది, పైథాన్ నుంచి కూడా పిలవచ్చు. ఫైలంతా చదివి చెట్టులా చేసి ఇస్తుంది. అందులో "స్ట్రింగ్ లిటరల్" అన్న రకం నోడ్‌లు మాత్రమే తీసుకోండి. కామెంట్‌లో ఎన్ని కోట్స్ ఉన్నా అది కామెంట్ నోడే, మీ జోలికి రాదు. ప్రతి నోడ్ ఏ బైటు దగ్గర మొదలై ఏ బైటు దగ్గర ముగిసిందో కూడా చెబుతుంది.

మార్చేటప్పుడు ఫైలు చివరి నుంచి మొదటికి రండి. ముందు నుంచి వెళ్తే మొదటి స్ట్రింగ్ పొడవు మారగానే మిగతా స్థానాలన్నీ జరిగిపోతాయి.

ఇంకోటి, అనులో కోట్, బ్యాక్‌స్లాష్ గుర్తుల వెనక కూడా తెలుగు బొమ్మలు ఉండొచ్చు. అలాంటివి జావా సోర్స్‌లో ఎస్కేప్ చేసి (ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి) ఉంటాయి. ముందు ఎస్కేప్ విప్పి, తర్వాత యూనికోడ్‌లోకి మార్చి, చివర్లో అవసరమైతే మళ్లీ ఎస్కేప్ చేయాలి.

లలిత_కోడ్:
స్ట్రింగ్ ఏ ఫంక్షన్‌లోకి వెళ్తోందో చూసి ఏరడానికి ఏఎస్‌టీ-గ్రెప్ హాయిగా ఉంటుంది. అది కూడా ట్రీ-సిట్టర్ మీదే నిలబడింది. మీ ప్రోగ్రాంలో తెలుగు ప్రింట్ చేసే మెథడ్ ఒకటో రెండో ఉంటాయి, ఆ పిలుపు ఉన్న చోట్ల మొదటి ఆర్గ్యుమెంట్ మాత్రమే పట్టుకోమని ప్యాటర్న్ రాయొచ్చు. అప్పుడు ఎస్‌క్యూఎల్ స్ట్రింగ్‌లు వాటంతటవే తప్పుకుంటాయి. సెమ్‌గ్రెప్‌తో కూడా చేయొచ్చు కానీ అది సెక్యూరిటీ తప్పులు వెతకడానికి ఎక్కువ వాడతారు, తిరగరాయడానికి నాకు ఏఎస్‌టీ-గ్రెప్పే తేలిక అనిపించింది.

పెద్ద జావా ప్రాజెక్ట్ అయితే ఓపెన్‌రీరైట్ కూడా చూడండి, టైపుల సమాచారం కూడా దానికి తెలుస్తుంది. మీ అవసరానికి అంత అక్కర్లేదేమో. పైథాన్ కోడ్‌లో ఇలాంటి పని పడితే మామూలు ఏఎస్‌టీ మాడ్యూల్ వద్దు. అది కామెంట్లు, ఖాళీలు పారేస్తుంది, తిరిగి రాస్తే ఫైలు గుర్తుపట్టలేం. ఇన్‌స్టాగ్రామ్ వాళ్లు చేసిన లిబ్‌సీఎస్‌టీ అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచుతుంది.

బిల్లింగ్_బాధితుడు:
ఏఎస్‌టీ-గ్రెప్ వేసి చూశా, ప్రింట్ మెథడ్ పిలుపులన్నీ టకటకా పట్టేసింది లలిత గారూ. కానీ ఫైలు తెరవగానే కొన్ని చోట్ల నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం వస్తోంది?

లలిత_కోడ్:
ఆగండి! సేవ్ చేయకండి. ఫైలు విండోస్-1252లో ఉంది, మీ ఎడిటర్ యూటీఎఫ్-8 అనుకుని తెరిచింది. ఇప్పుడు సేవ్ చేస్తే ఆ ప్రశ్నార్థకాలే నిజంగా ఫైల్లోకి వెళ్తాయి, అసలు బైటు ఇక తిరిగి రాదు. మూసేసి, 1252గా తెరవండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఎన్‌కోడింగ్ మెనూలో రెండు రకాలున్నాయి: ఒకటి ఫైలుని ఎలా చదవాలో చెప్పేది, రెండోది "కన్వర్ట్" అని ఉండేది, నిజంగా మార్చేది. ముందు మొదటిది, సరిగా కనిపించాకే రెండోది.

కంపైల్ చేసేటప్పుడు కూడా ఎన్‌కోడింగ్ ఏదో స్పష్టంగా చెప్పండి. 2022లో వచ్చిన జావా 18 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్-8 అయింది, అంతకుముందు మెషీన్‌ని బట్టి ఉండేది. అలాగే డేటాబేస్‌లో కాలమ్ పొడవులు చూసుకోండి. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోదానికి మూడేసి బైట్లు. ఒరాకిల్‌లో వర్‌చార్ లెక్క డిఫాల్ట్‌గా బైట్లలో ఉంటుంది, అనులో సరిపోయిన పేరు యూనికోడ్‌లో పట్టకపోవచ్చు.

పాతసంచికలు:
మా వైపు నుంచి అప్‌డేట్. బాబాయ్ గారు చెప్పినట్టే మా ఊరి ప్రెస్సులో పేజ్‌మేకర్ దొరికింది! ప్రెస్సాయన టీ కూడా ఇప్పించి, ఆదివారాలు రమ్మన్నాడు. ఆర్‌టీఎఫ్ తెచ్చుకుని, ఫ్లాట్ ఓడీటీ చేసి, ఫాంట్ చూసి మార్చే స్క్రిప్ట్ రాశాం. ఇంగ్లీషు ఇంగ్లీషుగానే ఉంది.

ఇప్పుడు కొత్తది. అచ్చు ప్రతుల నుంచి ఓసీఆర్ చేసిన సంచికల్లో "సంఘం" అని వెతికితే సగమే దొరుకుతున్నాయి. కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి.

సున్నాసున్న:
నా పేరు పెట్టుకున్నదే దీనికోసం 😀 మాటలో వచ్చే సున్న (ం) ఒక కోడ్, తెలుగు అంకె సున్నా (౦) ఇంకో కోడ్. యూనికోడ్ పట్టీలో 0సీ02, 0సీ66. ఓసీఆర్ రెండోది పెట్టేసి ఉంటుంది. అక్షరం వెంటనే అంకె సున్నా వస్తే అది దాదాపు ఎప్పుడూ సున్నే:

వెతకాల్సింది: ([ఁ-్])౦
పెట్టాల్సింది: \1ం

౧౯౭౦ లాంటి సంవత్సరాల జోలికి ఇది పోదు, అక్కడ ముందున్నది అంకె కాబట్టి. ఇంగ్లీషు సున్నా, ఇంగ్లీషు ఓ కూడా అలా చొరబడతాయి, వాటికీ ఇలాంటిదే ఒకటి రాసుకోండి.

ఇంకోటి "ఐ" గుర్తు. "ై" ఒకే కోడ్‌గా ఉండొచ్చు, ఎత్వం కింద చిన్న గుర్తు చేరి రెండు కోడ్‌లుగానూ ఉండొచ్చు. చూడ్డానికి తేడా లేదు. ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ ఒకసారి నడిపితే రెండూ ఒకటవుతాయి, పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోనే ఉంది.

ఎడిసన్_తెలుగు:
జీరో విడ్త్ నాన్ జాయినర్ సంగతి కూడా చూసుకోండి. "సాఫ్ట్‌వేర్"లో ట పొల్లు తర్వాత కనపడని కోడ్ ఉంటేనే వ విడిగా నిలబడుతుంది, లేకపోతే "సాఫ్ట్వేర్" అని వత్తుగా మారుతుంది. కొన్ని నార్మలైజర్లు శుభ్రం చేసే పేరుతో దాన్ని తీసేస్తాయి. నా ఓటు: తీసేయకండి.

సున్నాసున్న:
తీసేయకపోతే వెతుకులాట చెడుతుంది కదండీ. సగం మంది అది పెట్టకుండానే టైప్ చేస్తారు.

ఎడిసన్_తెలుగు:
టెక్స్ట్‌లో ఉంచండి, వెతకడానికి కట్టే ఇండెక్స్‌లో తీసేయండి. వెతికే మాటలోంచి కూడా తీసేస్తే రెండూ కలుస్తాయి. చదివే ప్రతి వేరు, వెతికే ప్రతి వేరు.

సున్నాసున్న:
ఒప్పుకున్నా.

పాతసంచికలు:
స్పెల్ చెక్ ఏదైనా ఉందా? లిబ్రెఆఫీస్‌లో తెలుగు నిఘంటువు పెడితే పేజీ మొత్తం ఎర్ర గీతలే.

ఎడిసన్_తెలుగు:
తెలుగుకి ఆ పద్ధతి అంతగా నప్పదు. "వెళ్లకపోయుంటేగానీ" అని ఒకే మాటగా రాసేస్తాం, అన్ని రూపాలూ నిఘంటువులో ఎక్కడ పెడతారు? దానికంటే మొత్తం సంచికల మాటల పట్టిక తీసి, ఎన్నిసార్లు వచ్చిందో లెక్కతో పేర్చండి. ఒక్కసారే వచ్చిన మాటలు వేరు చేసి, వాటిలో అసలు తెలుగులో కుదరని వరసలు ముందు చూడండి: రెండు గుణింతపు గుర్తులు పక్కపక్కన, సున్న తర్వాత గుణింతం, మాట మొదట్లోనే గుణింతం. తప్పుల్లో పెద్ద భాగం అక్కడే బయటపడుతుంది.

ప్రతి దశనీ గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే టూల్‌లో) పెట్టండి. ఒక రూల్ నడిపాక వర్డ్ డిఫ్‌తో చూస్తే ఏ మాట ఏ మాటగా మారిందో పక్కపక్కన కనిపిస్తుంది. కొత్త రూల్ మంచి మాటని పాడుచేస్తే అక్కడే దొరికిపోతుంది.

డీటీపీ_అన్న:
బయట పెట్టే ముందు రచయితల అనుమతి కూడా చూసుకోండి మేడం. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. పత్రిక మూతపడినా కథ హక్కు రచయితదో, వారసులదో అయి ఉంటుంది.

పాతసంచికలు:
ఆ పని మా మాస్టారు చూస్తున్నారు, ఉత్తరాలు రాస్తున్నారు. ప్రస్తుతం ఆగింది వేరే చోట. 2003 సీడీ ఒకటి సగం కాపీ అయ్యాక ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. గీతలు పడ్డాయి.

ప్రెస్_బాబాయ్:
మెత్తటి గుడ్డతో మధ్యలోంచి బయటికి తుడువు. గుండ్రంగా తిప్పి తుడవకు.

కమాండ్‌లైన్:
ఫైళ్లు విడివిడిగా కాపీ చేయకండి. లినక్స్ ఉన్న మెషీన్‌లో డీడీరెస్క్యూతో సీడీ మొత్తాన్ని ఇమేజ్‌గా తీయండి. చదవగలిగినది ముందు తీసేసి, మొండికేసిన చోట్లని మ్యాప్ ఫైల్లో రాసి పెట్టుకుంటుంది. అదే మ్యాప్ ఫైలు ఇచ్చి ఇంకో డ్రైవ్‌లో సీడీ పెట్టి నడిపితే మిగిలిన చోట్ల మాత్రమే మళ్లీ ప్రయత్నిస్తుంది. పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లు ఒక్కోసారి ల్యాప్‌టాప్ డ్రైవ్ చదవనిది చదువుతాయి. ఆ ప్రెస్సాయన దగ్గర కచ్చితంగా ఒకటి ఉంటుంది, వచ్చే ఆదివారం సీడీ పట్టుకెళ్లండి.